పురుగుల కుబుసము – వేపగింజల కషాయము



ఆకుల అడుగున తెల్లని పొట్టువంటి పొరలు కనబడినప్పుడు పురుగు చచ్చినదని సంతసించువారు కలరు. అది పురుగు శవము కాదు. పురుగు విడిచిన పాత చర్మము. పురుగు పోలేదు, పెద్దదైనది. ఈ భేదము తెలియక అదను తప్పినచో పంట చేజారును.

పశువునకు ఎముకలు లోపల నుండును. పురుగునకు, తేలునకు, రొయ్యకు, పొలము గట్టున బొరియ చేసికొను ఎండ్రకాయకు అట్టి ఎముకలు లేవు. పైనున్న గట్టి పెంకే వానికి ఎముకల గూడు, కవచము కూడ. ఇనుప కవచము తొడిగిన బాలుడు పెరుగవలెనన్న కవచము మార్చవలసినదే కదా! పాము సంగతి వేఱు. దానికి లోపల వెన్నెముక యున్నది, అది విడుచునది పైపొర మాత్రమే.

పాత పెంకు రాలిన పిమ్మట క్రొత్తది మొలచుననుకొనుట సరి కాదు. ముందుగా లోపలనే క్రొత్త చర్మము మడతలు పడి సిద్ధమగును. ఒక ద్రవము పాత పెంకు లోపలి భాగమును కరగించును. ఆ కరగిన సారమును పురుగు మరల తన శరీరములోనికే తీసికొనును. ఇంతటి పొదుపు మనుష్యులలో అరుదు. ఆ వేళ పురుగు మేత మాని కదలక యుండును. పట్టుపురుగులు పెంచువారు దీనిని ‘జ్వరము’ అందురు గాని ఇది రోగము కాదు. పిదప పురుగు గాలి మ్రింగి, కండరములు బిగించి, పాత చర్మమును చీల్చుకొని వెలువడును. క్రొత్త చర్మము మెత్తనిది. అది గట్టిపడులోపలనే మడతలు విప్పుకొని శరీరము సాగవలెను. ఎండ్రకాయ ఆ సమయమున మఱుగు విడిచి రాదు. మెత్తని దేహము శత్రువులకు సులభముగ చిక్కును.

పట్టుపురుగు ఇట్లు 4 మారులు చర్మము విడిచి, గ్రుడ్డునుండి వచ్చిన నాటికంటె సుమారు 10,000 రెట్లు బరువెక్కును. ప్రత్తికాయను తొలుచు శనగపచ్చ పురుగు సాధారణముగ 5 లేక 6 దశలు గడచును. చిన్న దశలలో అది ఆకులపై, మొగ్గలపై తిరుగును. పెరిగిన పిమ్మట కాయలో దూరును. అప్పుడు ఏ మందైనను దానికి తగులుట కష్టము.

చర్మము విడువుమని ఆజ్ఞ యిచ్చునది పురుగు నెత్తుటిలో చేరు ఒక రసము. 1954లో జర్మనీ దేశమున బ్యూటెనాన్ట్, కార్ల్‌సన్ అను శాస్త్రజ్ఞులు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాలనుండి 25 మిల్లీగ్రాముల రసమును స్ఫటికరూపమున తీసిరి. దానికి ఎక్డైసోన్ అని పేరు. వేపగింజలోని అజాడిరక్టిన్ అను చేదు పదార్థము ఈ ఆజ్ఞనే చెఱచును. పురుగు మేత తగ్గించును, పెరుగదు. సగము విడిచిన చర్మములో చిక్కి చచ్చును.

కావున ఈ కషాయము పనిచేయుటకు కొన్ని దినములు పట్టును. చల్లిన మఱునాటి ఉదయమే చేనికి పోయి, పురుగు కదలుచున్నదని కషాయమును నిందించుట తొందరపాటు. తొందరపడినవాడు అప్పు చేసి ఘాటైన మందు తెచ్చును.

పాల్వంచకు చేరువనున్న పునుకుల గ్రామము 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనుండి, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. అచ్చటి ప్రత్తి రైతులు పురుగుమందులను వ్యాపారులవద్ద అప్పునకు తెచ్చి, పండిన ప్రత్తిని వారికే అమ్మవలసివచ్చెడిది. 1999 మొదలుకొని కొందఱు వేప కషాయములను, ఎరబుట్టలను, మఱికొన్ని నాటు ఉపాయములను అవలంబించిరి. 2004 నాటికి గ్రామమంతయు పురుగుమందులను విడనాడినట్లు ప్రకటించెను. అడవి అంచున వేపచెట్టునకు కొదువ లేదు. గింజ ఏరి నీడన ఆరబెట్టుకొను ఓపికయే కావలెను.

ఎండిన గింజల పప్పు 5 కిలోలు మెత్తగ దంచి, గుడ్డలో మూటగట్టి 10 లీటర్ల నీటిలో రాత్రియంతయు నాననీయవలెను. ఉదయమున మూటను బాగుగ పిండి, వడగట్టి, 100 గ్రాముల సబ్బు కరగించి కలిపి, మొత్తము 100 లీటర్లు చేయవలెను. నిలువచేసిన కషాయము బలము తగ్గును, ఎండకును చెడును. కనుక చేసిననాటి సాయంకాలమే, పురుగులు చిన్నవిగ నున్నప్పుడే, ఆకుల అడుగు తడియునట్లు చల్లవలెను.