ఎలెక్టివ్ ఎంచుకునే ముందు

 మూడో సంవత్సరం మెకానికల్ విద్యార్థులారా, ఎలెక్టివ్‌ల ఎంపికలో అభిరుచి, పునాది, ఉద్యోగం అనే మూడు విషయాలు చూసుకోవాలి. వరుసగా చెబుతాను.

ముందు అభిరుచి. మా రోజుల్లో ఏ సారు బాగా చెబుతారని సీనియర్లను అడిగేవాళ్ళం. ఇప్పుడు ఎందులో మార్కులు సులువుగా పడతాయని అడుగుతున్నారు. చాలినంతమంది చేరకపోతే ఎలెక్టివ్ నడవదు కదా, అలా మెకానికల్ వైబ్రేషన్స్ మూలపడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

అదిగో, మూడో వరుస మీద ఊగుతున్న ఆ ఫ్యాను చూడండి. రెక్కల బరువులో కాస్త తేడా ఉంటే చాలు, అలా ఊగుతుంది. మన రామగుండం విద్యుత్ కేంద్రంలో టర్బైన్ రోటార్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు కోసం రెండు పోల్‌ల జనరేటర్‌ను అంత వేగంతో తిప్పక తప్పదు. అక్కడ అలాంటి తేడా ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

మీరు చదివిన రాంకిన్ సైకిల్ ఎవరిదో, ఆ రాంకిన్ మహాశయుడే 1869లో లెక్క కట్టి, షాఫ్టు ‘క్రిటికల్ స్పీడ్’ అనే ఒక వేగాన్ని దాటి తిరగలేదని తేల్చారు. అంతటివాడి లెక్కలోనూ కొరియోలిస్ ప్రభావం జారిపోయింది. స్వీడన్‌లో డి లావాల్ సన్నని, వంగే షాఫ్టు పెట్టి, ఆ వేగాన్ని దాటించి, తన ఆవిరి టర్బైన్‌ను నిమిషానికి 30,000 చుట్ల దాకా తిప్పి చూపించారు. అది ఎలా నిలిచిందో 1919లో జెఫ్‌కాట్ వివరించారు. క్రిటికల్ స్పీడ్‌కు దిగువన బరువు వైపు బయటికి లాగుతుంది. దాన్ని దాటాక బరువు లోపలివైపుకు మళ్ళుతుంది, గరిమనాభి తిరుగుడు అక్షానికి చేరువవుతుంది, షాఫ్టు కుదురుకుంటుంది. యాభై ఏళ్ళ చిక్కుముడి అలా విడిపోయింది! ఇంతకన్నా గొప్ప కథ మన శాస్త్రంలో నాకు కనపడలేదు.

పునాది అంటే ఇదే. మెషీన్ లెర్నింగ్ వద్దనను, ఓపెన్ ఎలెక్టివ్‌గా తీసుకోండి. కానీ బేరింగ్ దగ్గరి సెన్సర్ పంపే సంకేతంలో, తిరిగే వేగానికి సమానమైన ఫ్రీక్వెన్సీ బలంగా ఉంటే బ్యాలెన్స్ తప్పిందేమోనని, రెట్టింపు దగ్గర ఉంటే అలైన్‌మెంట్ చెడిందేమోనని అనుమానించడం తెలియనివాడు ఆ మెషీన్ లెర్నింగ్ ప్రోగ్రాముకు ఏం నేర్పుతాడు? ప్రొఫెషనల్ ఎలెక్టివ్ మాత్రం వైబ్రేషన్సే రాయండి.

ఇక ఉద్యోగం. గేట్ సిలబస్‌లో క్రిటికల్ స్పీడ్ ఉంది. అంతకన్నా ఎక్కువ చెప్పక్కర్లేదు.

లైబ్రరీలో డెన్ హార్టాగ్ పుస్తకం, జె.ఎస్. రావు గారి ‘రోటార్ డైనమిక్స్’ అడిగి తీసుకోండి. ఫారం నింపే ముందు కొన్ని పేజీలైనా చదవండి. ఈ ఏడు వైబ్రేషన్స్‌కు చాలినంతమంది పేర్లివ్వండి. పాఠం చెప్పేవారు దొరక్కపోతే కబురు చేయండి, నేనే వచ్చి చెబుతాను.