అగ్నిపక్వము – కాలపక్వము



ఇటీవల మన ఇండ్లలో ఒక క్రొత్త నియమము వినవచ్చుచున్నది. పొయ్యి మీద పెట్టని పదార్థములనే తినవలెననియు, పాలు, పెరుగు, నెయ్యి సైతము విడువవలెననియు కొందరు వ్రతము పట్టుచున్నారు. ఇంటిలో కుమారుడో కోడలో ఈ వ్రతము పట్టిన నాడు వంట చేయు తల్లికి దిక్కు తోచదు. అగ్ని తగలని తిండి తిండియేనా, నెయ్యి వడ్డింపని విస్తరి విస్తరియేనా అని ఆమె బాధ. ఆరోగ్యమునకును జీవకారుణ్యమునకును చేయుచున్న పనిని ఏల ఆక్షేపింతురని పిల్లల బాధ. ఒకే కప్పు క్రింద రెండు వంటిండ్లు, రెండు వేళలు, రెండు మౌనములు ఏర్పడుచున్నవి. ఈ చిక్కును శాస్త్రమును, లోకానుభవమును కలిపి చూచి విప్పుటకు నేడు ప్రయత్నింతము.

మొదట శాస్త్రమేమి చెప్పినదో చూతము. మనుస్మృతి ఆరవ అధ్యాయమున వానప్రస్థుని ఆహారవిధి కలదు. అచ్చట నాలుగు విధములవారు పేర్కొనబడిరి. అగ్నితో వండినది తినువాడు అగ్నిపక్వాశనుడు. కాలము చేత తనంతట పండినది తినువాడు కాలపక్వభుక్కు. రాతితో దంచుకొని తినువాడు అశ్మకుట్టుడు. దంతములే రోలుగా గలవాడు దంతోలూఖలికుడు. కావున పచ్చి తిండి నిన్న మొన్న విదేశము నుండి దిగుమతియైన వింత కాదు. అగ్ని యెట్లు పాకము చేయునో కాలమును అట్లే పాకము చేయునని మన పెద్దలు గుర్తించిరి. చెట్టున పండిన మామిడిపండు సూర్యుడు వండిన వంటయే గదా!

అయితే ఆ విధి ఎవరికి చెప్పబడినదో మరువరాదు. అది అడవికి పోయిన వానప్రస్థునికి. గృహస్థునకు వైశ్వదేవమున్నది, అతిథిపూజ యున్నది, పసివారును ముసలివారును ఉన్నారు. అతని ఇంట పొయ్యి వెలుగవలసినదే. కనుక అపక్వాహారము నిషిద్ధము కాదు, గృహస్థునకు నిర్బంధమును కాదు. ఈ రెండు మాటలను తల్లియు కుమారుడును చెరియొకటి పట్టుకొని కలహింపక, రెండింటిని ఇద్దరును పట్టుకొనవలెను.

మన పండుగలను చూడుడు. శ్రీరామనవమి నాడు స్వామికి నివేదించునదేమి? నానబెట్టిన వడపప్పు, బెల్లపు పానకము, తడిపిండితో చేసిన పచ్చి చలిమిడి. నాగులచవితి నాడు నువ్వులు, బెల్లము కలిపి దంచిన చిమ్మిలి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, క్రొత్త చింతపండు, మామిడికాయ, బెల్లము, ఉప్పు, కారము. వీనిలో దేనికిని పొయ్యితో పని లేదు, పాలతోను పని లేదు. ఎండలు ముదురు చైత్రమున పానకమును వడపప్పును పెట్టుట ఎంతటి ఔచిత్యమో వేరుగా చెప్పనక్కరలేదు. మన అవ్వలు ఏ పేరును పెట్టకుండగనే ఈ వంటను మనకు అప్పగించి పోయిరి.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. బెల్లము చెరకురసమును కాచి చేసినది. అటుకులు ధాన్యమును నానబెట్టి, వేయించి, దంచినవి. కఠిననియమము పట్టినవారు వీనిని కూడ కాదనవచ్చును. గృహస్థుడు అంత దూరము పోనక్కరలేదు. ఇంటివంటకు పట్టువిడుపులు ఉండవలెను. పట్టు లేనిచో నియమము నిలువదు, విడుపు లేనిచో ఇల్లు నిలువదు.

ఇక దేహమును గూర్చి. భగవంతుడు వైశ్వానరరూపమున ప్రాణుల దేహములయందుండి చతుర్విధాన్నమును పచనము చేయుచున్నాడని గీత పదునైదవ అధ్యాయము చెప్పుచున్నది. కావున అగ్ని లేని ఆహారము ఎక్కడను లేదు. వెలుపలి పొయ్యి చేయని పనిని లోపలి పొయ్యి చేయవలసివచ్చును, అంతియే భేదము. లోపలి అగ్ని బలముగా ఉన్నవానికి పచ్చికూర మేలు చేయును. మందాగ్ని గలవానికి అదియే ఉబ్బరమును, నొప్పిని తెచ్చును. వాగ్భటుడు అష్టాంగహృదయమున మొలకెత్తిన ధాన్యమును, పచ్చి ముల్లంగిని నిత్యము అలవాటు చేసికొనరాదని చెప్పినాడు. ఎన్నడును తినరాదని కాదు, రోజును అదే పనిగా తినవలదని ఆ మాటకు భావము.

దీనికి మన దేశచరిత్రలోనే ఒక దృష్టాంతమున్నది. 1929వ సంవత్సరమున గాంధీమహాత్ముడు ఖద్దరు నిధి కొరకు ఆంధ్రదేశమున పర్యటించినపుడు, రాజమహేంద్రవరమున ప్రకృతిచికిత్సాలయము నడుపుచుండిన సుందరం గోపాలరావు ఆయనకు అపక్వాహారమును గూర్చి చెప్పెను. మహాత్ముడు వెంటనే ఆ ప్రయోగమునకు పూనుకొనెను. దినమునకు 8 తులముల మొలకెత్తిన గోధుమలు, 8 తులముల బాదముపప్పు ముద్ద, 8 తులముల నూరిన పచ్చి ఆకుకూర, 6 నిమ్మకాయలు, 2 ఔన్సుల తేనె ఆయన ఆహారము. గోధుమలకు బదులు శనగమొలకలు తీసికొన్న నాడు బాదమునకు బదులు కొబ్బరిపాలు. 8 తులములనగా ఇంచుమించు 93 గ్రాములు. ఈ వివరములను ఆయన యంగ్ ఇండియా పత్రికలో లోకమునకు తెలిపెను. ఆశ్రమవాసులు కొందరును ఆయనతో చేరిరి. కాని ఆ ఆగస్టు మాసమున జిగట విరేచనములు పట్టి ఆయన దానిని విరమింపవలసివచ్చెను. అంతటి నియమనిష్ఠ గల మహాపురుషుడే దేహము వద్దన్నపుడు మానుకొనెను. దేహము చెప్పు మాటను వినుట ఓటమి కాదు, వివేకము. మన పిల్లలు ఆయన పట్టుదలతో పాటు ఆ విడుపును కూడ నేర్చుకొనవలెను.

కనుక వంట చేయు తల్లులకు మేము చెప్పునది ఇది. విస్తరిలో నాలుగవ వంతు పచ్చి పదార్థముతో ఆరంభింపుడు. ఉదయపు ఫలాహారము అపక్వముగా ఉండవచ్చును. మధ్యాహ్న భోజనమున అన్నము, పప్పు యథాప్రకారము ఉండి, ప్రక్కన ఒక పచ్చి పదార్థము చేరవచ్చును. రాత్రి లఘువుగా వండినది తినుట మంచిది. ఇట్లయిన ఒకే వంటింట అందరికిని సరిపడును.

మొలకలు చేయు విధానము: ఒక గిద్దెడు పెసలను రాళ్లు ఏరి, రెండు మూడు నీళ్లు కడిగి, మంచినీటిలో రాత్రి నానవేయవలెను. ఉదయమున ఆ నీరు పారబోసి, మరల కడిగి, తడి గుడ్డలో వదులుగా మూటగట్టి గాలి తగులు చోట ఉంచవలెను. వేసవిలో సాయంత్రమునకే మొలక కనబడును, చలికాలమున మరునాటికి వచ్చును. జిగట పట్టినను, పుల్లని వాసన వచ్చినను తినరాదు. కొబ్బరికోరు, లేత దోసముక్కలు, అల్లపు తురుము, కొత్తిమీర కలిపి, తినబోవునపుడే ఉప్పును నిమ్మరసమును చేర్చవలెను. ముందే ఉప్పు వేసినచో నీరు ఊరి చప్పబడును. ఆవాలు, ఇంగువ తాలింపు వేయవలెనని ఇంటివారికి కోరిక కలిగినచో వేయుడు. ఒక గరిటెడు తాలింపు చేత ఎవరి వ్రతమును చెడదు. అంతటి పట్టుదల గలవారికి తాలింపునకు ముందే ఒక గిన్నెడు తీసి ఉంచిన సరిపోవును.

తెలంగాణమున పచ్చిపులుసు ప్రసిద్ధము. చింతపండు నానవేసి పిసికి, పిప్పి తీసి, తగినన్ని నీళ్లు పోసి, ఉప్పు, బెల్లము, నలిపిన పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేసిన చాలును. ఉల్లి తినువారు ఉల్లిముక్కలు, తినని వారు దోసముక్కలు వేసికొందురు. పచ్చి దోసకాయ ముక్కల పచ్చడి, కొబ్బరి మామిడికాయ పచ్చడి రోటిలో నూరినవి వేరుగా చెప్పనేల? మజ్జిగ విడిచినవారికి కొబ్బరిపాలు కలవు. కొబ్బరికోరును గోరువెచ్చని నీటితో రుబ్బి గుడ్డలో పిండవలెను. ఆ పాలను ఆ పూటకే వాడుడు, వేసవిలో త్వరగా విరుగును.

పచ్చిగా తినరానివి కూడ తెలియవలెను. కంద, చేమ పచ్చిగా తిన్నచో నోరు, గొంతు దురదపెట్టును. కర్రపెండలమున విషాంశముండును, అది ఉడికించిననే పోవును. చిక్కుడుగింజలు, రాజ్మాగింజలు నానినను, మొలకెత్తినను, బాగుగా ఉడుకనిదే తినరాదు. పాలకూర పచ్చిగా ఎక్కువ తినుట మూత్రపిండములలో రాళ్లు గలవారికి హితము కాదు. నిమ్మ, ఉసిరిక, మిరపలయందలి సి విటమిను వేడికి నశించును, కావున అవి పచ్చిగనే మేలు. క్యారెట్టు, టమాటాలలోని రంగు పదార్థములు మాత్రము కొంత ఉడికి, కొంచెము నూనె తగిలిననే దేహమునకు ఎక్కువగా అందును. ఆ విధముగా అగ్ని ఒకచోట తీసికొనును, మరియొకచోట ఇచ్చును. మొలకల తడియందు సూక్ష్మక్రిములు సులువుగా పెరుగును. గర్భవతులకు, పసివారికి, వృద్ధులకు, రోగమునుండి లేచినవారికి మొలకలను ఉడికించియే పెట్టవలెను. మధుమేహమునకో మూత్రపిండవ్యాధికో మందులు వాడువారు వైద్యుని అడుగనిదే ఆహారమును ఒక్కసారిగా మార్చరాదు.

పాలు కూడ విడిచినవారికి మరియొక మాట. బి12 అను విటమిను మొక్కల నుండి నమ్మదగిన విధమున లభింపదు. దాని లోపము వలన రక్తహీనత, అరికాళ్ల తిమ్మిరులు, మతిమరుపు కలుగవచ్చును. లోపము మెల్లగా, కొన్ని సంవత్సరములకు బయటపడును గనుక బాగుగానే ఉన్నామని భ్రమపడుదురు. వైద్యుని సలహాతో మాత్ర వేసికొనుట నియమభంగము కాదు.

ఇక నెయ్యి, పాలను గూర్చి. వేదాధ్యయనము చేసినవారము, ఆజ్యము లేని హోమమును ఊహింపలేనివారము మేము. అయినను పాలు విడిచిన యువకుని నాస్తికుడని నిందింపజాలము. దర్శపూర్ణమాసములలో సాన్నాయ్యమునకు పాలు పిదుకునపుడు దూడను తల్లి కడకు విడిచి, పొదుగు చేపిన తరువాతనే పిదుకుదురు. దూడను ముందు పెట్టుకొని పుట్టిన విధి యది. నేడు మన ఇంటికి వచ్చు పాల వెనుక దూడ వంతు ఏమైనదని ఆ యువకుడు అడిగినచో, ఆ ప్రశ్న ధర్మమునకు వెలుపలిది కాదు. దానికి కోపము సమాధానము కాజాలదు. దూడ కడుపు నింపి పాలు పిదుకు ఇంటినుండి తెచ్చుకొనుట తల్లి చేయగల సమాధానము. తన నియమమును తన విస్తరికే పరిమితము చేసికొనుట కుమారుడు చేయగల సమాధానము.

ఆలయములకు వచ్చి చక్కెరపొంగలి పుచ్చుకొననివారిని చూచి కొందరు నొచ్చుకొందురు. తులసీదళము, పండు, కొబ్బరిముక్క, నూనెతో కలిపిన పులిహోర కూడ ప్రసాదములే. అవి ఇచ్చి పంపుడు. పుచ్చుకొనువారును ముఖము ముడుచుకొనక కన్నుల కద్దుకొని స్వీకరింపుడు.

కడపట ఒక్క మాట. పచ్చి తిండి తినువారు పొయ్యి వెలిగింపకపోయినను, కడుగుట, తరుగుట, కోరుట, రుబ్బుట ఎవరో చేయవలసినదే. ఆ శ్రమ యంతయు తల్లి తలపై వేసి, తాము వ్రతఫలము పొందవలెననుట న్యాయము కాదు. నియమము పట్టినవాడే కత్తిపీట ముందు కూర్చుండవలెను, కొబ్బరి తానే కోరవలెను. తాను చేసినదానిలో ఒక గిన్నెడు తల్లికి వడ్డింపవలెను. ఆమె రుచి చూచి ఉప్పు తక్కువైనదన్న నాడు ఆ ఇంట రెండు వంటిండ్లు ఒకటియైనవని తెలిసికొనుడు. అన్నమును నిందింపరాదని ఉపనిషత్తు చేసిన శాసనము వండిన అన్నమునకును, పండిన అన్నమునకును సమానమే.

సర్వులకు ఆరోగ్యము, ఐకమత్యము సిద్ధించుగాక. స్వస్తి.