పొలం హద్దుకు ఉపగ్రహపు కొలత



ఫోను చేతపట్టుకొని గట్టు చుట్టూ నడిచి, "నా పొలం యెనిమిది సెంట్లు తక్కువ చూపిస్తున్నది, పక్క రైతు కలుపుకొన్నాడు" అని తగవుకు దిగేవారున్నారు. తగవుకు ముందు, ఆ కొలత యెంతవరకు నమ్మదగినదో తెలుసుకోవడం మంచిది గదా!

ఫోనుకు తానున్న చోటు తెలిపేవి ఉపగ్రహాలు. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుతుంటాయి. వాటి సంకేతం మనదాకా రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోను దూరం లెక్కకడుతుంది. ఆ సంకేతం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సెకనులో పది లక్షలవ వంతు లెక్క తప్పినా దూరంలో 300 మీటర్లు తేడా వస్తుంది. ఉపగ్రహపు గడియారంలో స్వల్పమైన తేడా, అది తిరిగే దారి లెక్కలో తేడా, సంకేతం దాటి రావలసిన వాతావరణపు పొరలు, ఇవన్నీ కొలతను కొంత చెడగొడతాయి. సూర్యుని ప్రభావంవల్ల విద్యుదావేశం పొందే పై పొర, భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా వున్న మన దేశంలో మరింత చిక్కు తెస్తుంది. అందుచేత బయలులో నిలబడినా ఫోను అయిదు మీటర్ల దాకా అటూ ఇటూ చూపవచ్చు.

అయిదు మీటర్లంటే తక్కువా? నలుచదరంగా వున్న యెకరం చేనుకు ఒక్కొక్క గట్టు సుమారు 64 మీటర్లు. ఒక గట్టు అయిదు మీటర్లు జరిగితే 320 చదరపు మీటర్లు, అంటే దాదాపు 8 సెంట్లు! దారి తెలుసుకోవడానికి ఫోను చాలును; హద్దు తేల్చడానికి చాలదు.

మరి ఈ తప్పును దిద్దడమెట్లా? సంతలో కాటా మీద అనుమానం వస్తే, బరువు తెలిసిన కిలో రాయిని పెట్టి చూస్తాము. కాటా 1,050 గ్రాములు చూపితే దాని తప్పు యెంతో బయటపడుతుంది. ఆ మేరకు లెక్క సవరించుకొంటాము.

ఉపగ్రహపు కొలతకు ఇట్టి తూకపురాయి ఆధార కేంద్రం. దాని స్థానాన్ని ముందుగానే అతి జాగ్రత్తగా కొలిచి వుంచుతారు. అది కూడ ఉపగ్రహాల సంకేతాలు అందుకొంటుంది. సంకేతం చెప్పిన లెక్కకు, తన అసలు స్థానానికి వున్న తేడాయే ఆ సమయానికి తప్పు. ఆ సవరణను వెంటనే ఇంటర్నెట్టు ద్వారానో రేడియో ద్వారానో పొలంలోని రోవరు అనే పరికరానికి అందజేస్తుంది. రెండింటి మీదా వున్నది దాదాపు ఒకే ఆకాశం గనుక, అక్కడి తప్పు ఇక్కడికీ వర్తిస్తుంది. దూరం పెరిగేకొద్దీ పొరపాటు పెరుగుతుంది. సుమారుగా పది కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు అనుకోవచ్చు. అందుకే పలు కేంద్రాలను కలిపి సవరణ లెక్కగడతారు. భారత సర్వే సంస్థ ఇట్టి కేంద్రాలను నెలకొల్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతోపాటు ఈ పద్ధతి కూడ వాడారు.

విమానాల కోసం గగన్ అనే మరో యేర్పాటు వున్నది. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన ఈ యేర్పాటును 2015లో ప్రారంభించారు. దాని సవరణ భూస్థిర ఉపగ్రహాల ద్వారా దేశమంతటా అందుతుంది. విమానానికి అది చాలినంత మేలు. గట్టు రాయికి మాత్రం సెంటీమీటర్ల లెక్క కావాలి.

రోవరు ఆ లెక్క యెట్లా సాధిస్తుంది? సుమారు 19 సెంటీమీటర్ల పొడవు గల సంకేతపు అలలనే లెక్కపెట్టి. ఆ లెక్క ఇంకా తేలకపోతే తెర మీద 'ఫ్లోట్' అని, తేలితే 'ఫిక్స్' అని వస్తుంది. కనుక మీ పొలం కొలిచే రోజున తప్పక దగ్గరుండండి. 'ఫిక్స్' వచ్చిన తరువాతనే స్థానం నమోదు చేయమని అడగండి. చింతచెట్టు కిందనో, గోడ పక్కనో సంకేతం అడ్డుపడి, తట్టుకొని వంకరగా వస్తుంది. ఆ తప్పు ఆ చోటుకే పరిమితం. ఆధార కేంద్రానికి అది తెలియదు, దిద్దలేదు. అట్టి చోట కొంతసేపు ఆగి, రెండవసారి కొలిపించి సరిచూడండి.

తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక్క మనవి. పాత కొలతలు గొలుసుతో, లింకుల లెక్కన తీసినవి. ఒక లింకు సుమారు 20 సెంటీమీటర్లు. కొత్త కొలతకూ పాతదానికీ స్వల్ప తేడా కనబడినంతమాత్రాన యెవరో గట్టు జరిపారని కాదని రైతులకు విడమరచి చెప్పండి.

చివరగా ఒక్క మాట. రాయి యెక్కడ వున్నదో రోవరు చెబుతుంది. అది అక్కడ వుండవలసినదేనా అన్నది మాత్రం రికార్డు చెప్పాలి, ఇరుగుపొరుగు రైతులు కూడి చెప్పాలి. ఆకాశపు తప్పును యంత్రం దిద్దగలదు. గట్టు మీది తగవును మనుషులే దిద్దుకోవాలి. పక్క రైతును కూడ పిలిచి, ఇద్దరి యెదుటనే కొలిపించుకోండి.