వదలని తలపు



నాగార్జునసాగరపు ఎడమకాలువ క్రింది పల్లెలలో నొక రైతు రాత్రివేళ మోటారు ఆపి ఇల్లు చేరుననుకొందము. మంచమెక్కిన పిమ్మట “ఆపితినా?” యను సంశయము పుట్టును. మరల పొలమునకు పోయి, చూచి, తిరిగి వచ్చును. దారిలోనే “సరిగా చూచితినా?” యని మరియొక సంశయము. ఇట్లే తెల్లవారును. మిర్యాలగూడ చెంత నొక ఇల్లాలు, భర్త పురుగుమందు చల్లి వచ్చిన నాటినుండి, బిడ్డకు విషము తగులునేమో యని తోమిన గిన్నెలే తోముచుండును. ఇంటివారు దీనిని చాదస్తమందురు. ఇది వ్యాధి. వైద్యులు దీనికి అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అని పేరిడిరి.

ఇంతకంటె దుస్సహమైన తలపు కలదు. చంటిబిడ్డ తల్లికి “వీనిని నేనే కాలువలో పడవేయుదునేమో” యని హఠాత్తుగా తోచును. బిడ్డ ఆమెకు ప్రాణము; అందుచేతనే ఆ తలపు ఆమెను అంతగా కాల్చును. చెప్పినచో రాక్షసి యందురు. కావున ఎవరితోను చెప్పక, మొదట కాలువగట్టున నడచుట మానును. పిదప బిడ్డ నెత్తుకొనుటయే మానును. ఇట్టి తలపునకు వణకిపోవు తల్లి బిడ్డకు కీడు తలపెట్టినది కాదు. ఇట్టి వికృతపు తలపులు ఆరోగ్యవంతులకును వచ్చుచుండునని 1978లో రాక్‌మన్, డిసిల్వా యను పండితులు చూపిరి. వారికవి వచ్చి పోవును. ఈమెకు వచ్చి కూర్చుండును. బాలింతకు లేని స్వరములు వినబడుచున్నను, మతి తప్పినట్లు మాటాడుచున్నను అది వేరు సంగతి. ఆ క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

ఈ సాగరజలములలో మునిగిన లోయయందు, మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకుల కాలపు బౌద్ధవిహారములుండెను. భిక్షువులను బాధించు తలపులను గూర్చి పాలిభాషలో వితక్కసంఠాన సుత్తమను నొక ఉపదేశము కలదు. అందు ఐదు ఉపాయములు చెప్పబడినవి. తలపును లెక్కింపక విడుచుట వానిలో నొకటి. పండ్లు బిగబట్టి మనస్సుతో మనస్సును అణచుట కడపటిది. ఈ కడపటిది మన రోగికి పనికిరాదని నా యభిప్రాయము. అణచినకొలది ఈ తలపు పైకి లేచును.

1966లో విక్టర్ మేయర్ అను నాతడు లండనులో వేరొక మార్గము పట్టెను. రోగి భయపడు వస్తువును ముట్టించి, కడుగుకొననీయక ఓర్పుతో చెంత నుండిరి. కడుగకున్నను భయము తానే తగ్గుట రోగులు చూచిరి. నేడును ఇదియే ప్రధానమైన చికిత్స. మందులును కలవు, వాని గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును.

ఇంటివారి ప్రేమ ఇక్కడనే దారి తప్పును. “ఆపితివిలే, నేను చూచితిని” యని భార్య చెప్పగా రైతునకు అరగడియ శాంతి. పిదప మరల అడుగును. నాడు పదిసార్లు, రేపు ఇరువదిసార్లు. ఇది వడ్డికి తెచ్చిన ధైర్యము. విసుగుకొనుటయు మందు కాదు. ఈ బాధ ననుభవించి కొంత గట్టెక్కినవాని సాంగత్యము వేరు. సూర్యాపేటవానికి అట్టి స్నేహితుడు దూరపు పట్టణమున నున్నను టెలిఫోనున దొరకవచ్చును. అతడు “ఏమియు కాదులే” యనడు. “నాకును ఇట్లే తోచెడిది. ఈ రాత్రి పోయి చూడకుము, ఎట్లు గడచెనో రేపు చెప్పుము” అనును. ఆ మాటలో జవాబు లేదు, తోడు కలదు.

ఇట్టి స్నేహితుడు లేనివారు మొదట 14416 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఇది 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవ. రేయింబవళ్లు పలుకును; తెలుగుననే మాటాడవచ్చును; రుసుము లేదు.