పెంకు మీద కొట్టిన మందు పురుగుకు తగలదు

(కడియం ప్రాంత నర్సరీ రైతులు, కూలీల సమావేశంలో ఒక నర్సరీ రైతు చేసిన ప్రసంగ పాఠం)



మూడేళ్ల కిందట మా ఫైకస్ చెట్ల కొమ్మల మీద గోధుమరంగు పొక్కులు కనిపిస్తే బెరడే అనుకున్నాను. ఆకుల మీద జిగట, దానిపై నల్లటి మసి పట్టాక గానీ అవి పొలుసు పురుగులని తెలియలేదు. మందుల కొట్టువాళ్లు అప్పు మీద నాలుగు రకాలు ఇచ్చారు. వారానికొకటి చొప్పున కొట్టించాను. కొట్టిన కుర్రాడికి వాంతులయ్యాయి. పురుగు తగ్గలేదు సరికదా, పక్కనున్న మందారాలకూ పాకింది. లోడు కోసం వచ్చిన వ్యాపారి ఆకులు తిరగేసి చూసి వెళ్లిపోయాడు. అప్పు మాత్రం మిగిలింది.

తల్లి పురుగు పెంకు కింద కదలకుండా కూర్చుని రసం పీలుస్తుంది. పైన పడ్డ మందు దానికి సరిగా తగలదు. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు మాత్రం ఒకటి రెండు రోజులు పెంకు లేకుండా పాకుతూ తిరుగుతాయి. కొట్టాల్సింది అప్పుడే. పురుగున్న కొమ్మకు రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, రెండు రోజులకోసారి చూడండి. పసుపు పొడి రేణువుల్లాంటివి అంటుకుని ఉంటే పిల్లలు బయల్దేరినట్టే. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు, కొమ్మల సందులు తడిసేలా కొట్టండి. పది రోజులకు మళ్లీ కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. ముందు రెండు మూడు మొక్కల మీద కొట్టి చూడటం మంచిది.

ఇంకో సంగతి. చచ్చినా పెంకు వెంటనే రాలిపోదు. అది చూసే నేను మళ్లీ మళ్లీ కొట్టించి డబ్బు తగలేశాను. గోటితో గీకండి. తడి తగిలితే బతికుంది, పొడిగా ఊడితే చచ్చింది.

జిగట కోసం చీమలు ఈ పురుగుకు కాపలా కాస్తాయి. ముందు చీమల్ని ఆపాలి. యూరియా తగ్గించాలి.

1868 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన అకేసియా మొక్కలతో ఒక పొలుసు పురుగు కాలిఫోర్నియా చేరి నారింజ తోటల్ని ముంచింది. అది కూడా మనలాగే మొక్కలు అమ్మేవాళ్ల ద్వారా వచ్చిందే. 1888లో ఆల్బర్ట్ కోబెల్ అనే ఆయన్ని ఆస్ట్రేలియా పంపి, దాన్ని తినే అక్షింతల పురుగును తెప్పించారు. రెండేళ్లు తిరక్కుండా తోటలు తేరుకున్నాయి. 1940లలో అవే తోటల్లో డీడీటీ కొడితే అక్షింతల పురుగులు చచ్చి, పొలుసు పురుగు మళ్లీ లేచింది. నా నర్సరీలో నేను చేసిందీ అదే.

అందుకే కొత్తగా వచ్చిన లోడును నెలరోజులు వేరుగా ఉంచండి. బాగా ముదిరిన కొమ్మలు కత్తిరించి కాల్చేయండి. ఏ మందు కొట్టాలో అప్పిచ్చే కొట్టు కాదు, ఉద్యానశాఖ అధికారి మన నర్సరీకి వచ్చి చూసి చెప్పాలి. దీన్ని సంఘం తరఫున అడుగుదాం. వేపనూనె అయినా సరే, కొట్టే మనిషికి మాస్కు, చేతి తొడుగులు కొనివ్వాల్సింది మనమే. ఆ కుర్రాడు ఇక్కడే వెనక వరుసలో కూర్చున్నాడు. అతని ముందే చెబుతున్నాను, ఆరోజు నేను అవి ఇవ్వలేదు.