గంజి కుండ మనది, బడి బాకీ సర్కారుది
(గ్రామ కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేం ఒక దూరదేశం ముచ్చట చెప్పడానికి నిలబడ్డాం. దాని పేరు ఎస్వాతిని. 2018 దాకా స్వాజీలాండ్ అనేవారు. దక్షిణాఫ్రికాకూ మొజాంబిక్‌కూ నడుమ ఇరుక్కున్న చిన్న దేశం. జనం సుమారు పన్నెండు లక్షలు. మన పాత జిల్లాల్లో చాలావాటిలో సగం కూడా కాదు. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి మన వాడ, మాకెందుకీ కథ అని మీరు అడగొచ్చు. తల్లీదండ్రీ లేని పిల్లల్ని ఎవరు సాకాలి? ఊరా, సర్కారా, దాతలా? ఈ ప్రశ్న వాళ్ల ముందు పెద్ద కొండలా వచ్చి పడింది. వాళ్లేం చేశారో తెలుసుకుంటే మనకు పనికొస్తుంది.

ముందు భూమి సంగతి చెప్పుకోవాలి. 1907లో ఇంగ్లీషు సర్కారు ఆ దేశాన్ని గీతగీసి పంచింది. మూడింట రెండొంతులు తెల్ల ఆసాములకూ సర్కారుకూ పోయింది. సొంత జనానికి మిగిలింది ఒక్క వంతు. భూమి చాలని మగవాళ్లు జొహానెస్‌బర్గ్ బంగారు గనులకు పోయారు. భార్యాపిల్లల్ని వెంట తీసుకుపోయే వీలు లేదు. మగవాళ్లను హాస్టళ్లలో కుక్కారు. ఏడాదికో మారు ఇంటికి రాక. గని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయింది, క్షయ వచ్చింది. ఆ తర్వాత ఎయిడ్స్ వచ్చింది. 2004లో గర్భిణులకు పరీక్ష చేస్తే నూటికి నలభై ఇద్దరికి పైగా ఆ క్రిమి ఉన్నట్టు తేలింది. బయటి లోకం ఏమన్నది? వాళ్ల నడవడి మంచిది కాదన్నది. రోగం వస్తే పేదవాడి నడవడిని తప్పుబట్టడం మనకు మాత్రం కొత్తా? భూమి గుంజుకున్నవాడి నడవడిని, గనిలో దించినవాడి నడవడిని ఎవరూ అడగలేదు.

ఇంటి పెద్దలు ఒకరి వెంట ఒకరు పోయారు. 2000 తర్వాత కొన్నేళ్లకే అంత చిన్న దేశంలో 60 వేలకు పైగా పిల్లలు అనాథలయ్యారు. కొన్ని ఇళ్లలో పన్నెండేళ్ల అక్కే తల్లి అయింది. కొన్ని ఇళ్లలో ముసలమ్మ ఒక్కతే మిగిలింది. అక్కడ అమ్మమ్మను, నాయనమ్మను 'గోగో' అంటారు. కొడుకునూ కోడల్నీ పూడ్చిపెట్టి, మనవల్ని చంకనేసుకుని చేలోకి నడిచిన గోగోలే ఆ దేశాన్ని నిలబెట్టారని మేం అంటున్నాం. అతిశయోక్తి కాదు.

ఇక ఊళ్లు ఏం చేశాయో చూడండి. ఒక చెట్టు నీడ, మూడు రాళ్లు, ఒక కుండ. చుట్టుపక్కల ఆడవాళ్లు వంతులేసుకుని మొక్కజొన్న జావ, చిక్కుడు గింజలు వండి, దిక్కులేని పిల్లలకూ ఇంకా బడికి పోని చిన్నపిల్లలకూ పెట్టారు. వీటిని 'ఇరుగుపొరుగు సంరక్షణ కేంద్రాలు' అన్నారు. తర్వాత యునిసెఫ్ వంటి సంస్థలు గింజలు, పాత్రలు, రేకుల షెడ్లు ఇచ్చాయి. ఇలాంటివి దేశమంతటా వెయ్యికి పైగా లేచాయి. తిండితోబాటు పాటలు, అక్షరాలు, ఆటలు. పిల్ల రెండు రోజులు రాకపోతే ఎవరో ఒకరు వెళ్లి చూస్తారు. అసలు కాపలా అదే.

ఇంకొకటి. ఊరివాళ్లే తమలోంచి కొందరిని ఎన్నుకున్నారు. వాళ్లను 'లిహ్లోంబె లెకుఖలెలా' అంటారు. అంటే 'తల ఆనించి ఏడవడానికి ఒక భుజం'. పిల్లను కొడుతున్నా, చెరచినా, తండ్రి పోయాక చినాన్న గొడ్లను తోలుకుపోయినా పిల్లలు ముందు వచ్చి చెప్పుకునేది వీళ్లకే. వీళ్లు పెద్దల దగ్గరికీ, పోలీసుల దగ్గరికీ వెంట నడుస్తారు. పిల్ల మాట నమ్మే పెద్దమనిషి ఒకడు ఊళ్లో ఉన్నాడన్న ధైర్యం చిన్నదేం కాదు.

మూడోది, ఊరి పెద్ద పొలం. వాళ్ల భాషలో 'ఇండ్లున్‌ఖులు', అంటే పెద్దిల్లు. పెద్ద పొలంలో అందరూ కలిసి దున్ని పండించి, ఆ గింజలతో లేనివాళ్లను ఆదుకోవడం పాత ఆచారం. అనాథల కోసం దాన్ని మళ్లీ లేపారు.

వినడానికి బాగుంది గదా! కానీ మనం అంబేద్కర్ బిడ్డలం. ఊరంటే స్వర్గమని ఎవరన్నా చెబితే ఆయన 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో నిలదీశాడు. మనమూ నిలదీద్దాం. ఆ పొలంలో చెమట జనానిది, పేరు పెద్దది. ఆచారం ప్రకారం ఆడమనిషికి భూమి భర్త ద్వారానో కొడుకు ద్వారానో దక్కుతుంది. భర్త పోయిన ఆడదాన్ని అత్తింటివాళ్లు వెళ్లగొడితే, అదే ఆచారం ఆమెకు అడ్డం నిలబడదు. కుండ దగ్గర పొగలో నిలబడే ఆడవాళ్లకు జీతం లేదు. బయటి గింజలు రాని నెల కుండ కింద నిప్పు ఆరింది. తిట్లు పడింది ఆ తల్లులే.

అందుకే ఈ కథలో మాకు అన్నిటికంటే నచ్చింది గనుల నుంచి తిరిగొచ్చిన ముసలి కూలీలు చేసిన పని. 2005 రాజ్యాంగంలో ఒక మాట రాసుకున్నారు: రాజ్యాంగం అమలులోకి వచ్చిన మూడేళ్లలో, ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, ప్రాథమిక చదువు ఫీజు లేకుండా ఇవ్వాలని. రాశారుగానీ మూడేళ్లు గడిచినా ఇవ్వలేదు. ఫీజు కట్టలేని అనాథలు బడి బయట నిలబడ్డారు. అప్పుడు మాజీ గని కూలీల సంఘం విద్యామంత్రి మీద కోర్టుకెక్కింది. 2009 మార్చిలో హైకోర్టు ఇది పిల్లల హక్కు అని తేల్చింది. అయినా సర్కారు డబ్బుల్లేవన్నది. కూలీలు మళ్లీ కోర్టుకు పోతే 2010లో ఓడిపోయారు కూడా. కానీ ఆ ఏడే సర్కారు ఒకటి, రెండు తరగతులకు ఫీజు తీసేయక తప్పలేదు. ఏటా ఒక తరగతి చొప్పున 2015కల్లా ఏడో తరగతి దాకా వచ్చింది. అది కూడా 1973 నుంచి పార్టీలను నిషేధించిన రాజు దేశంలో! కాగితం మీద రాసిన హక్కును పట్టుకుని గట్టిగా అడిగితే ఎంత జరుగుతుందో చూడండి.

మందుల సంగతీ అంతే. ఎయిడ్స్ మందులకు మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా గుంజుతున్న రోజుల్లో, 2001లో ముంబై కంపెనీ సిప్లా 350 డాలర్లకే ఇస్తానన్నది. తర్వాత మన హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల మందులు కూడా ఆఫ్రికాకు పోయాయి. ఎస్వాతిని 2020కల్లా, జబ్బు ఉన్నట్టు తెలిసినవాళ్లలో నూటికి 95 మందికి మందు అందించింది. తల్లులు బతికారు. తల్లి బతకడాన్ని మించిన అనాథాశ్రమం లేదు.

అయితే ఆ పనికి అమెరికా డబ్బు చాలా ఆధారం. 2025 జనవరిలో అక్కడ ఒక్క సంతకం పడితే ఆ సాయం ఆగింది, క్లినిక్కులు తడబడ్డాయి. దాత చెయ్యి ఎప్పుడు ముడుచుకుంటుందో దాతకే తెలుసు.

కార్యకర్తలారా, మేం చెప్పదలచింది ఇదీ. ఆకలిగొన్న పిల్ల కోర్టు తీర్పు దాకా ఆగలేదు. అందుకని కుండ మనమే పెట్టాలి, రేపే పెట్టాలి. అట్లని, వాళ్లే చూసుకుంటున్నారులే అని సర్కారు చేతులు దులుపుకోకుండా చూడాలి. కుండ పెట్టిన రోజే అర్జీ కూడా పెట్టాలి. వండే అక్కకు కూలి కట్టాలి, ఆమె పేర భూమి ఉండాలి. ఏడ్చే పిల్ల తల ఆనించడానికి ప్రతి వాడలో ఒక భుజం ఉండాలి.

ఈ రాత్రి ఇళ్లకు పోయాక మీ వాడలో తల్లీతండ్రీ లేని పిల్లలు ఎందరో, ఎవరింట్లో తింటున్నారో, ఎవరు బడి మానేశారో రాసుకుని రండి. రేపు పొద్దున ఆ కాగితాలతోనే మొదలుపెడదాం.

జై భీమ్!