పాడ్‌కాస్టులో మాట్లాడాలంటే



ఇంటర్నెట్టు ద్వారా వినిపించే మాటల కార్యక్రమాన్ని పాడ్‌కాస్ట్ అంటున్నారు. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు మాటలు కలిసి 2004లో ఈ పేరు పుట్టింది. రేడియో కార్యక్రమం ఒక వేళకు వస్తుంది. పాడ్‌కాస్టును సెల్‌ఫోనులో మనకు తీరికైనప్పుడు వినవచ్చు. రచయితలతో ముఖాముఖీలు వినిపించే ‘హర్షణీయం’ వంటివి తెలుగులోనూ ఉన్నాయి. ఇటువంటి కార్యక్రమంలో మాట్లాడాలని మన యానాం వారెవరికైనా అనిపిస్తే, నిర్వాహకులను ఎలా అడగాలి? ఈ సంగతే ఇవాళ ముచ్చటించుకుందాం.

యానాం మాట ప్రత్యేకించి ఎందుకు ఎత్తానంటే, మనది సుమారు 30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మన రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరం. ఫ్రెంచి పాలన ఇక్కడ 1954లో ముగిసింది. ఆనాడు పదేళ్ళున్న పిల్లలు ఈనాడు ఎనభై దాటిన వృద్ధులు. వారు కళ్ళారా చూసిన విషయాలు వారి నోటనే వినే అవకాశం ఏటేటా తరిగిపోతోంది. మనం చెప్పకపోతే మన ఊరి కథను ఎవరో వచ్చి పైపైన చెప్పి వెళ్ళిపోతారు.

ఆకాశవాణిలో ప్రసంగానికి పిలుపు ఉత్తరంగా వచ్చేది. రాతప్రతి ముందుగా అందజేసేవాళ్ళం. పాడ్‌కాస్టు పద్ధతి వేరు. చాలాచోట్ల అతిథిని వెతకడం, మాట్లాడించడం, రికార్డు చేయడం అన్నీ ఒకరిద్దరే చూసుకుంటారు. వారికి తీరిక తక్కువ. అందుచేత మనం రాసే నాలుగు ముక్కలే మన తరఫున మాట్లాడాలి.

ఒక పెద్దావిడ ఉన్నారనుకోండి. ఆమె ఇలా రాశారు: “అయ్యా, నేను యానాం వాస్తవ్యురాలిని. నాకు చాలా అనుభవం ఉంది. ఎన్నో సన్మానాలు పొందాను. ఒక అవకాశం ఇప్పించగలరు.” ఈ ఉత్తరంలో ఆమె గొప్పతనం ఉంది గాని, వినేవాడికి ఏం దొరుకుతుందో లేదు. చదివినవారు పక్కన పెట్టేస్తారు.

అదే ఆవిడ ఇంకోలా రాశారనుకుందాం: “శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిషు ఇండియాలో అమలులోకి వచ్చింది. ఫ్రెంచి యానాంకు అది వర్తించలేదు. అందుకని చుట్టుపక్కల నుంచి జనం ఇక్కడికి వచ్చి చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. మా అమ్మ పెళ్ళి అలా జరిగినదే. ఆమె నాకు చెప్పిన సంగతులు మీ శ్రోతలకు చెప్పగలను.” ఈ ఉత్తరం చదివినవారు వెంటనే ఫోను చేయాలనుకుంటారు. మనిషి మారలేదు. తనను చూపించుకోవడం మాని, తన దగ్గరున్న సంగతిని చూపించారు, అంతే.

చదువు, పదవి ఉంటేనే ఇది సాధ్యమనుకోకండి. సముద్రంలో ఇలస అనిపించుకునే చేప గోదారికి ఎదురీది పులస ఎలా అవుతుందో, ఏ నీటికి ఏ వల వేయాలో జాలరికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?

ఇక ఆచరణలో పాటించవలసినవి. రాసే ముందు ఆ కార్యక్రమం కనీసం మూడు భాగాలు వినండి. కథల కార్యక్రమానికి వ్యాపారం కబుర్లు పనికిరావు. విన్నదానిలో మీకు నచ్చిన ఒక విషయం పేర్కొనండి. ఉత్తరం పది వాక్యాలు దాటనివ్వకండి. మొదటి వాక్యంలోనే విషయం ఉండాలి. తరువాత మీరు చెప్పదలచిన మూడు అంశాలు, అవి మీకెలా తెలుసో ఒక్క వాక్యం, మీకు వీలైన వేళలు. కళ్ళారా చూసింది ఏదో, పెద్దలు చెప్పగా విన్నది ఏదో విడదీసి రాయండి. నమ్మకం కలిగేది అక్కడే.

ఉత్తరంతోపాటు రెండు నిమిషాల మాట రికార్డు చేసి పంపితే మరీ మంచిది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చదువుతున్నట్టు కాకుండా ఎదుటి మనిషితో చెప్తున్నట్టు మాట్లాడండి. మన గోదావరి యాసను దాచుకోవలసిన పనిలేదు.

ఒకే ఉత్తరాన్ని పదిమందికి పంపకండి. పది రోజులైనా జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. కాదంటే కోపగించుకోకండి, ఆ సంగతి సరిపడే కార్యక్రమం మరొకటి ఉండవచ్చు. అతిథిగా పిలుస్తాం, ఇంత సొమ్ము కట్టండి అని ఎవరైనా అడిగితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

యువతీ యువకులకు ఒక మనవి. మీ ఇంట్లో తాతగారికో అమ్మమ్మగారికో ఇటువంటి ఉత్తరం రాయడం చేతకాకపోవచ్చు. వారిని అడిగి, వారు ఒప్పుకుంటే, వారి మాటల్లోనే ఆ పది వాక్యాలు మీరు రాసిపెట్టండి. ఫోను పట్టుకుని పక్కన కూర్చోండి. కార్యక్రమం వారు పిలిచినా పిలవకపోయినా, ఆ రెండు నిమిషాల మాట మీ ఇంట్లో మిగులుతుంది. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేసేది కాదు.